గడపకు అటూ ఇటూ కాని చోటు

మనుషులెవరూ లేని పెద్ద గది. పసుపు గోడలు, ట్యూబ్‌లైట్ల వెలుగు, కిటికీ ఒక్కటీ లేదు. ఎటు తీసుకెళ్తుందో తెలియని మలుపు. ఇలాంటి ఫోటోలు కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతున్నాయి. కింద ‘లిమినల్ స్పేస్’ అని రాసి ఉంటుంది. 2019 మేలో ఎవరో పేరు చెప్పకుండా పెట్టిన ఒక ఖాళీ గది ఫోటోతో ఈ మోజు బాగా ముదిరింది. ఇక అక్కడి నుంచి ఆ మాటకు పట్టపగ్గాల్లేవు. ఎయిర్‌పోర్టు లిమినల్, కౌమారం లిమినల్, ఒక ఉద్యోగం పోయి ఇంకొకటి దొరకని నెలలు లిమినల్.

మరోవైపు పర్యావరణ శాస్త్రంలో ‘ఎకోటోన్’ (రెండు రకాల నేలలు కలిసే పట్టీ) అనే మాట ఉంది, మెదడు శాస్త్రంలో ‘సినాప్స్’ (ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురు దాటే చోటు) ఉంది, లోహశాస్త్రంలో ‘ఇంటర్‌స్టిషియల్’ (పరమాణువుల మధ్య సందుల్లో దూరినది) ఉంది, వలస చట్టాల్లో ‘ట్రాన్సిట్ జోన్’ ఉంది. ఇవన్నీ రెండింటి నడుమ ఉన్న చోటు గురించే. అందుకే ఒక రంగంలో తేలిన సంగతిని ఇంకో రంగానికి ఎత్తుకుపోవడం సులువైపోయింది. ‘అడవి అంచున జీవవైవిధ్యం ఎక్కువ కాబట్టి, రెండు సంస్కృతుల అంచున బతికేవాళ్లకు సృజన ఎక్కువ’ అన్న వాదన వినే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మొదటి సగం కూడా అన్ని అడవులకూ నిజం కాదు.

చిక్కు ఎక్కడుందంటే, ‘నడుమ’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు విషయాలు దాక్కుని ఉన్నాయి.

సంధి, సందు, సంధ్య

వాటిని విడదీయడానికి మన భాషే ఒక దారి చూపిస్తుంది. సంధి అంటే అతుకు. రాముడు, అతడు అన్న రెండు మాటలు కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది, మధ్యలో ఖాళీ మిగలదు. అదే కుదురు నుంచి వచ్చిన ‘సందు’ దీనికి పూర్తిగా ఎదురు. రెండు గోడలు కలవకుండా మిగిలిన ఖాళీ అది. సంధ్యను కూడా చాలామంది ఈ కుటుంబంలోనే చేరుస్తారు. అక్కడ అతుకూ లేదు, ఖాళీ కూడా లేదు, ఉన్నది కలగలుపు. పగలు కొంత, రాత్రి కొంత.

అంటే అతుకు, ఎడం, కలగలుపు అని మూడు రకాల ‘నడుమ’లు. నాలుగోది త్రిశంకు స్వర్గం. అది చోటు కంటే ఎక్కువగా ఒక స్థితి. ఒకచోటి నుంచి బయల్దేరి ఇంకోచోటికి చేరకపోవడం. ముందు మూడింటికి రెండు అంచులూ ఉన్నాయి. త్రిశంకుడికి మాత్రం వెనక్కి దారి లేదు, ముందుకీ లేదు. ‘రెంటికీ చెడ్డ రేవడి’ అనేది కూడా ఈ బాపతే.

ఈ తేడాలు ఎంత ముఖ్యమో చూడటానికి సంధ్యనే తీసుకుందాం. సూర్యుడు అస్తమించిన క్షణం నుంచి పూర్తి చీకటి దాకా ఖగోళ శాస్త్రవేత్తలు మూడు భాగాలు చేశారు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా పౌర సంధ్య. బయటి పనులు చాలావరకు దీపం లేకుండానే చేసుకోవచ్చు. 12 డిగ్రీల దాకా నావిక సంధ్య. సముద్రం మీద ఉన్నవాళ్లకు నీరు, ఆకాశం కలిసే గీత ఇంకా ఆనుతుంది. 18 డిగ్రీల దాకా ఖగోళ సంధ్య. అది దాటితేనే బాగా మసకగా ఉండే నక్షత్రాలు కనిపిస్తాయి. 6, 12, 18 దగ్గర ఆకాశంలో ఏ గీతా లేదు. వెలుగు తగ్గడం ఎక్కడా ఆగదు. గీతలు గీసింది మనం, అవి కూడా ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకు.

సుమారు 48.5 డిగ్రీల అక్షాంశం దాటి ధ్రువాల వైపు వెళ్తే, వేసవి నడిమిలో సూర్యుడు 18 డిగ్రీల లోతుకు దిగనే దిగడు. సాయంసంధ్య ముగియకుండానే ప్రాతఃసంధ్య మొదలైపోతుంది. ఆ రాత్రంతా సంధ్యే. నడుమ అనుకున్నదే మొత్తం రాత్రిని ఆక్రమించింది. ఈ సంగతి ముందు ముందు మళ్లీ పనికొస్తుంది.

లిమినల్ అన్న మాట పుట్టిన చోటు

లాటిన్‌లో ‘లీమెన్’ అంటే గడప. 1909లో ఫ్రాన్స్‌కు చెందిన ఆర్నోల్డ్ వాన్ జెనెప్ ప్రపంచంలోని రకరకాల సమాజాల్లో జరిగే కర్మకాండలను పక్కపక్కన పెట్టి చూశారు. పుట్టుక, యుక్తవయసు, పెళ్లి, చావు, పదవి చేపట్టడం లాంటి సందర్భాలవి. అన్నింట్లోనూ ఒకే నడక కనిపించింది. మొదట మనిషిని పాత చోటు నుంచి వేరు చేస్తారు. తర్వాత కొంతకాలం ఎటూ కాకుండా ఉంచుతారు. చివరికి కొత్త స్థానంలో కలుపుకుంటారు. మధ్యలో ఉన్న దశకు ఆయన పెట్టిన పేరే లిమినల్.

ఇదంతా ఆయన రాసిన పుస్తకం యాభై ఏళ్ల పాటు పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1960లో ఇంగ్లీషులోకి వచ్చాక విక్టర్ టర్నర్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త చేతికి చిక్కింది. జాంబియాలోని ఎన్‌డెంబు ప్రజల మధ్య అంతకుముందే ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. అమెరికా వెళ్లడానికి వీసా కోసం ఎదురుచూస్తూ ఇంగ్లండులో ఉన్న రోజుల్లో దీన్ని చదివారట. పాత ఊరు వదిలేసి, కొత్తది ఇంకా చేతికందని మనిషికి ఆ మధ్య దశ తన కథలాగే అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

వాన్ జెనెప్‌కు అది మూడింటిలో ఒక దశ. టర్నర్ దాన్నే అసలు విషయం చేశారు. యుక్తవయసు కర్మలో ఉన్న ఎన్‌డెంబు కుర్రాళ్లను ఊరికి దూరంగా ఉంచుతారు. వాళ్లకు హోదా ఉండదు, ఆస్తి ఉండదు. పెద్దింటి బిడ్డ, పేదింటి బిడ్డ అన్న తేడా ఉండదు. అందరూ సమానంగా ఉన్న ఆ కొద్దికాలంలో వాళ్ల మధ్య ఒక గాఢమైన తోడు పుడుతుంది. దానికి ఆయన ‘కమ్యూనిటాస్’ అని పేరు పెట్టారు. రోజువారీ సమాజంలోని నిచ్చెనమెట్లు తాత్కాలికంగా మాయమయ్యే చోటు అది. కొత్త ఆలోచనలు అక్కడే పుడతాయని ఆయన నమ్మకం.

తర్వాత 1974లో ఆయనే ఒక తేడా చూపించారు. కర్మలో పాల్గొనడం ఆ కుర్రాళ్ల ఇష్టం మీద ఉండదు. నాటకానికో, తీర్థానికో, సంగీత ఉత్సవానికో మనం కావాలనుకుని వెళ్తాం, వద్దనుకుంటే మానేస్తాం. రెండూ ఒకటి కాదు కాబట్టి రెండోదానికి ‘లిమినాయిడ్’ అనే వేరే మాట పెట్టారు. ఈ రెండో మాట ఎవరికీ గుర్తులేదు. నిజానికి ఇవాళ మనం లిమినల్ అంటున్న వాటిలో సగం ఆయన లెక్కలో లిమినాయిడ్ కిందికి వస్తాయి.

టర్నర్ మీద బలమైన అభ్యంతరాలున్నాయి. మధ్యయుగ యూరప్ చరిత్రకారిణి కారొలైన్ వాకర్ బైనమ్ అప్పటి స్త్రీల జీవితకథలకు ఈ నమూనాను అన్వయించి చూశారు. అతకలేదు. తెంచుకుని పోవడం, తలకిందులు కావడం, కొత్త హోదాతో తిరిగిరావడం మగవాళ్లు చెప్పే కథల్లో ఎక్కువ. స్త్రీలు తమ గురించి చెప్పుకున్న చోట అలాంటి తెగతెంపుల కంటే కొనసాగింపే ఎక్కువగా కనిపించింది. హోదా ఉన్నవాడికే దాన్ని వదిలేయడం ఒక ఘట్టం అవుతుంది కదా. టర్నర్‌ను మెచ్చుకునేవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేదు.

ముగ్గురు మనుషుల మీద ఒక పరీక్ష

వాన్ జెనెప్ చెప్పినదాంట్లో మూడు అంశాలున్నాయి. మొదలు తెలుసు, ముగింపు తెలుసు, ఈ దారిలో ఇంతకుముందు నడిచిన పెద్దలు నడిపిస్తున్నారు. వీటిని ముగ్గురికి అన్వయిద్దాం.

కొత్తగా ఉద్యోగంలో చేరి ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్న మనిషి మొదటివాడు. చేరిన రోజు తెలుసు, గడువు ఎప్పుడో తెలుసు, పై అధికారి ఇదే దారిలో వచ్చినవాడు. టెన్షన్ ఉంటుంది, కానీ ఇది అచ్చమైన లిమినల్ దశ.

రెండోమనిషి అవయవ మార్పిడి కోసం పేరు నమోదు చేయించుకుని ఎదురుచూస్తున్నాడు. మొదలు తెలుసు. ముగింపు ఎలా ఉండాలో తెలుసు, ఎప్పుడో తెలియదు. నడిపించే డాక్టర్లున్నారు. లిమినల్ అనొచ్చు, కాస్త సర్దుబాటుతో.

మూడోమనిషి శరణార్థి శిబిరంలో పుట్టి అక్కడే పెద్దవాడైనవాడు. వదిలి వచ్చిన ఊరు తల్లిదండ్రులది, అతనిది కాదు. ఎటు వెళ్తాడో తెలియదు. ముందు నడిచి దారి చూపినవాళ్లూ లేరు. మూడు అంశాల్లో ఒక్కటీ సరిపోవడం లేదు. అయినా శిబిరాల గురించి రాసేటప్పుడే లిమినల్ అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. కొందరు పరిశోధకులు దీన్ని శాశ్వత లిమినాలిటీ అంటారు. మరికొందరు ఆ మాటే తప్పంటారు. గడప అనగానే అవతల ఒక గది ఉందన్న భరోసా వస్తుంది, లేని గదిని ఉన్నట్టు చూపించడం ఆ మనుషులకు అన్యాయమంటారు. నాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అతను గడప మీద లేడు, త్రిశంకు స్వర్గంలో ఉన్నాడు. ఎండాకాలపు ఉత్తర దేశాల్లో సంధ్య రాత్రంతా సాగినట్టు, నడుమ అనుకున్నదే అతని జీవితం అయిపోయింది.

చట్టం వదిలేసిన ఖాళీలు నిజంగా ఖాళీలేనా

విమానం దిగాక, ఇమిగ్రేషన్ కౌంటర్ దాటకముందు మీరు ఏ దేశంలో ఉన్నట్టు? ‘ఇంకా లోపలికి రాలేదు కదా’ అని చాలా ప్రభుత్వాలు వాదించాయి. 1992లో సోమాలియా నుంచి పారిపోయి వచ్చిన నలుగురు తోబుట్టువులను పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం అంతర్జాతీయ జోన్‌లో 20 రోజులు ఉంచారు. వాళ్లను నిర్బంధించలేదని, కావాలంటే వేరే దేశానికి వెళ్లిపోవచ్చని ఫ్రాన్స్ వాదన. 1996లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దీన్ని ఒప్పుకోలేదు. పేరు అంతర్జాతీయ జోన్ అయినా అది ఫ్రాన్స్ చట్టానికి బయట ఉన్న చోటు కాదని, జరిగింది స్వేచ్ఛను హరించడమేనని తేల్చింది. ఎడం అని చెప్పుకున్నది నిజానికి ఎడం కాదు, ఒక దేశపు నేలే.

పారిస్‌లోనే ఇంకో విమానాశ్రయం, షార్ల్ ద గాల్. ఇరాన్‌కు చెందిన మెహ్రాన్ కరిమి నస్సేరి 1988 నుంచి 2006 దాకా ఒకటో టెర్మినల్‌లోనే బతికారు. శరణార్థి పత్రాలు పోవడంతో ఫ్రాన్స్‌లోకి రానివ్వలేదు, వెనక్కి పంపడానికీ కుదరలేదు. కథలో చాలామంది చెప్పని భాగం తర్వాతిది. 1999లో ఆయన చేతికి పత్రాలు వచ్చాయి, ఆయనే సంతకం పెట్టనన్నారు. 2006లో జబ్బుచేసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. 2022లో మళ్లీ విమానాశ్రయానికి వచ్చి ఉంటూ, నవంబరులో అక్కడే చనిపోయారు. దారిగా కట్టిన చోటు ఆయనకు ఇల్లయింది. దీన్ని వ్యవస్థ క్రూరత్వానికి ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు, మనసు దెబ్బతిన్న మనిషి కథగా చెప్పేవాళ్లున్నారు. రెండూ కలిసే ఉండొచ్చు.

ఏ దేశమూ నాదనని నేల ఎలా పుడుతుందో చూడాలంటే ఈజిప్టు, సూడాన్‌ల మధ్య ఉన్న బిర్ తవీల్ మంచి ఉదాహరణ. దాదాపు 2,060 చదరపు కిలోమీటర్ల ఎడారి. 1899లో బ్రిటిష్‌వాళ్లు 22వ అక్షాంశాన్ని సరిహద్దుగా తిన్నగా గీశారు. 1902లో, అక్కడి సంచార తెగల తిరుగుడును బట్టి, పాలన సౌకర్యం కోసం ఇంకో వంకర గీత గీశారు. దాని ప్రకారం 22కు దక్షిణాన ఉన్న బిర్ తవీల్ ఈజిప్టు పాలన కిందికి, ఉత్తరాన ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న హలాయిబ్ సూడాన్ పాలన కిందికి వెళ్లాయి. హలాయిబ్ బిర్ తవీల్ కంటే సుమారు పది రెట్లు పెద్దది. ఇద్దరికీ కావలసింది అదే. ఈజిప్టు 1899 గీత చూపిస్తుంది. ఆ గీత ప్రకారం హలాయిబ్ తనది, బిర్ తవీల్ సూడాన్‌ది. సూడాన్ 1902 గీత చూపిస్తుంది. దాని ప్రకారం హలాయిబ్ సూడాన్‌ది, బిర్ తవీల్ ఈజిప్టుది. బిర్ తవీల్ నాదన్నవాడు ఎదుటివాడి గీతను ఒప్పుకున్నట్టే, హలాయిబ్‌ను వదులుకున్నట్టే. అందుకే ఇద్దరూ దాన్ని ముట్టుకోరు.

ఎవరిదీ కాని నేల అని విని జెండాలు పట్టుకుని వెళ్లి ‘రాజ్యం’ ప్రకటించుకున్న విదేశీయులున్నారు. కానీ అబాబ్దా, బిషారీన్ తెగల వాళ్లు తరతరాలుగా ఆ నేల మీద పశువులు మేపుకుంటున్నారు. పటంలో ఖాళీ అంటే నేల మీద ఖాళీ అని కాదు.

కొరియాల మధ్య సైనిక రహిత ప్రాంతం కథ వేరు. 1953 యుద్ధవిరామ ఒప్పందంతో గీతకు అటు 2, ఇటు 2 కిలోమీటర్లు ఖాళీగా ఉంచారు. పొడవు దాదాపు 250 కిలోమీటర్లు. మనుషులు దాదాపుగా అడుగుపెట్టకపోవడంతో అరుదైన ఎర్రతల కొంగలు అక్కడికి చేరాయి. మందుపాతరలు మాత్రం నేలలో అలాగే ఉన్నాయి. కొంగ బరువుకు అవి పేలవు.

అడవి అంచున లెక్క

అడవి, గడ్డిమైదానం కలిసే పట్టీని ఎకోటోన్ అంటారు. ఈ మాట 1905లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ వాడుకలోకి తెచ్చారు. 1933లో ఆల్డో లియోపోల్డ్ అంచు ప్రభావం గురించి రాశారు. చాలా వేట జంతువులకు దాక్కోవడానికి చెట్లు కావాలి, తినడానికి బహిరంగ నేల కావాలి, అంచున రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. దీంతో అంచులు పెంచితే జంతువులు పెరుగుతాయన్న నమ్మకం అటవీ నిర్వహణలో చాలాకాలం నడిచింది.

తర్వాత వచ్చిన పరిశోధకులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ జంతువులు? నట్టడవిలో తప్ప బతకలేని పక్షులు, కప్పలు, నాచులు ఉంటాయి. అంచు దగ్గర ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ, తేమ తక్కువ. గూళ్లను దోచుకునే జంతువులు కూడా అక్కడే తిరుగుతాయి.

లెక్క వేసి చూద్దాం. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న అడవి, అంటే 100 హెక్టార్లు. అంచు ప్రభావం 100 మీటర్ల లోపలికి వెళ్తుందనుకుందాం. నాలుగువైపులా 100 మీటర్లు తీసేస్తే లోపల 800 మీటర్ల చదరం, 64 హెక్టార్లు మిగిలింది. ఇప్పుడు అదే అడవిని ఎడంగా ఉన్న నాలుగు సమాన ముక్కలు చేద్దాం. ఒక్కో ముక్క 500 మీటర్ల చదరం, లోపలి భాగం 300 మీటర్ల చదరం, అంటే 9 హెక్టార్లు. నాలుగూ కలిపి 36. పదహారు ముక్కలు చేస్తే ఒక్కోటి 250 మీటర్లు, లోపల మిగిలేది 50 మీటర్ల చదరం, పావు హెక్టారు. పదహారింటికీ కలిపి 4 హెక్టార్లు. చెట్లు అన్నే ఉన్నాయి, మొత్తం అడవి 100 హెక్టార్లే ఉంది. నట్టడవి మాత్రం 64 నుంచి 4కు పడిపోయింది. మిగతా 96 హెక్టార్లూ అంచే.

నిజమైన అడవుల్లో 100 మీటర్లన్న అంకె స్థిరంగా ఉండదు. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర 1979 నుంచి నడుస్తున్న ప్రయోగంలో అడవి ముక్కలను వేర్వేరు సైజుల్లో ఉంచి చూస్తున్నారు. కొన్ని ప్రభావాలు పదుల మీటర్లలోనే ఆగాయి, గాలికి చెట్లు కూలడం లాంటివి వందల మీటర్లు లోపలికి వెళ్లాయి.

కాబట్టి ‘అంచున వైవిధ్యం ఎక్కువ’ అనేవాళ్లూ అబద్ధం చెప్పడం లేదు, ‘అంచు అడవిని చంపుతుంది’ అనేవాళ్లూ చెప్పడం లేదు. సహజంగా ఏర్పడిన అంచులో జీవులు వేల ఏళ్లుగా సర్దుకుని ఉంటాయి. మడ అడవులు అలాంటివే. రోడ్డు వేయడంతో ఒక్కరోజులో పుట్టిన అంచు అలాంటిది కాదు. ఆ కాస్త తేడా వదిలేసి సంస్కృతుల మీదికి ఈ పోలిక తెచ్చినప్పుడే మోసం జరుగుతుంది. సాహిత్య సిద్ధాంతకారుడు హోమీ భాభా 1994లో ‘మూడో చోటు’ గురించి రాశారు. వలస పాలనలో రెండు సంస్కృతులు తగిలిన చోట, రెండింటిలోనూ లేని కొత్త అర్థాలు పుడతాయన్నారు. కోరి వలస వెళ్లిన రచయితకూ, తరిమితే వెళ్లిన కూలీకీ అది ఒకే చోటు ఎలా అవుతుందన్నది విమర్శకుల ప్రశ్న. అడవి లెక్కలో ‘ఏ జంతువులు?’ అన్న ప్రశ్న లాంటిదే ఇది.

ఎడమే పనిచేసే చోటు: సినాప్స్

మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుని వలలా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? మన మాటల్లో, సంధా, సందా? కమిల్లో గాల్జి వల అన్నారు. సాంటియాగో రమోన్ ఇ కహాల్ విడివిడి కణాలన్నారు. గాల్జి కనిపెట్టిన రంగు పద్ధతితోనే కహాల్ తన వాదన నిలబెట్టుకున్నారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఒకే వేదిక మీద ఇద్దరూ ఎదురెదురు మాటలు చెప్పి దిగారు. ఆ ఎడం నిజంగా ఉందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించింది 1950లలో. సుమారు 20 నానోమీటర్లు. మనిషి వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు.

కబురు ఆ ఎడాన్ని ఎలా దాటుతుంది? 1921లో ఆటో లోవి రెండు కప్పల గుండెలను విడివిడిగా ద్రవంలో ఉంచారు. మొదటిదానికి ఉన్న వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది మెల్లగా కొట్టుకుంది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండోదానికి పోశారు. నాడిని ముట్టుకోకుండానే అది కూడా నెమ్మదించింది. అంటే నాడి కొసనుంచి ఏదో రసాయనం బయటికి వస్తోంది. తర్వాత దాన్ని అసిటైల్‌కోలిన్‌గా గుర్తించారు.

ఎడం ఉండటం వల్ల నష్టం ఉంది. దాటడానికి దాదాపు అర మిల్లీసెకను పడుతుంది. కొన్నిచోట్ల కణాలు నేరుగా కలిసే విద్యుత్ సినాప్సులు కూడా ఉన్నాయి, అవి ఇంకా వేగం. మరి ఎడం దేనికి? కబురును పెంచడానికి, తగ్గించడానికి, ఆపేయడానికి, మార్చడానికి అక్కడే వీలుంది. నేర్చుకోవడంలో చాలావరకు ఈ సినాప్సులు బలపడటమో బలహీనపడటమో ఉంటుంది. చాలా మానసిక వ్యాధుల మందులు పనిచేసేది కూడా ఇక్కడే. అతుకు వేగాన్నిస్తుంది, ఎడం నియంత్రణను ఇస్తుంది.

ఇనుములో ఇరుకు

ఒకే సైజు బంతులను ఎంత ఒద్దికగా పేర్చినా డబ్బాలో 74 శాతం మించి నిండదు. మిగతా 26 శాతం సందులే. లోహాల్లో పరమాణువులు కూడా ఇలా పేర్చుకునే ఉంటాయి. ఇనుము పరమాణువుల మధ్య సందుల్లో కాస్త కార్బన్ దూరితే ఉక్కు అవుతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ వింతగా అనిపించే సంగతి ఒకటుంది. మామూలు వేడిలో ఇనుము పరమాణువులు కొంత వదులుగా, 68 శాతం నిండేలా ఉంటాయి. 912 డిగ్రీల సెల్సియస్ దాటితే అమరిక మారి, 74 శాతం నిండేలా దగ్గరవుతాయి. ఖాళీ తగ్గింది కాబట్టి కార్బన్ తక్కువ పట్టాలి కదా? జరిగేది దీనికి ఎదురు. వదులు అమరికలో బరువులో 0.02 శాతం కార్బన్ పట్టడమే గగనం. బిగువు అమరికలో 2 శాతం దాకా పడుతుంది. దాదాపు వంద రెట్లు. ఎందుకంటే వదులు అమరికలో ఖాళీ మొత్తంగా ఎక్కువున్నా చిన్న చిన్న సందులుగా చెదిరిపోయింది. బిగువు అమరికలో సందులు తక్కువే, ఒక్కోటి పెద్దది. ఎంత ఖాళీ ఉందన్నదాని కంటే అది ఏ ఆకారంలో ఉందన్నదే తేలుస్తుంది.

ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే అమరిక పాత తీరుకు మారబోతుంది, కానీ కార్బన్‌కు బయటపడే సమయం ఉండదు. ఇరుక్కుపోయి చుట్టూ ఉన్న పరమాణువులను సాగదీస్తుంది. కత్తి అంచుకు వచ్చే గట్టిదనం ఆ ఇరుకులోదే. పెళుసుదనం కూడా అక్కడిదే. హైడ్రోజన్ లాంటి చిన్న పరమాణువు అవే సందుల్లో దూరితే మంచి ఉక్కు కూడా ఉన్నట్టుండి పగులుతుంది.

కట్టడాల్లో గడప

వాస్తుశిల్పులకు ఈ విషయం కొత్త కాదు. జపాన్ పాత ఇళ్లలో గదికీ తోటకూ మధ్య ‘ఎంగావా’ అనే చెక్క వసారా ఉంటుంది. పైన కప్పు ఉంది కాబట్టి ఇల్లు, గోడ లేదు కాబట్టి తోట. డచ్ వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ గడపను తన ఆలోచనకు కేంద్రం చేసుకున్నారు. రెండు లోకాలను విడదీసే గీతగా కాకుండా, అవి కలుసుకునేంత వెడల్పున్న చోటుగా దాన్ని కట్టాలన్నారు. 1947 నుంచి మూడు దశాబ్దాల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీల్లో ఏడు వందలకు పైగా పిల్లల ఆటస్థలాలు రూపొందించారు.

దీనికి ఎదురుగా ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్క్ ఓజే 1992లో ‘చోటుకానివి’ అని ఒక జాబితా చెప్పారు. హైవేలు, విమానాశ్రయాలు, సూపర్‌మార్కెట్లు. అక్కడ చరిత్ర ఉండదు, సంబంధాలు ఉండవు, మనిషి టికెట్టు నంబరుగా మిగులుతాడని ఆయన అభిప్రాయం. ప్రయాణికుడి కళ్లతో చూస్తే నిజమే. అదే విమానాశ్రయంలో ఇరవై ఏళ్లుగా నేల తుడుస్తున్నవాళ్లకు అది స్నేహాలు, గొడవలు, జ్ఞాపకాలు ఉన్న చోటే. ఓజే తరఫువాళ్లు దీనికి జవాబుగా, ఒకే స్థలం ఒకరికి చోటు, ఇంకొకరికి చోటుకానిది కావచ్చని ఆయనే ఒప్పుకున్నారని గుర్తుచేస్తారు.

మళ్లీ ఆ పసుపు గది

ఖాళీ కారిడార్ ఫోటోలు చూస్తే ఎందుకు దిగులేస్తుంది? జనం ఉండాల్సిన చోట జనం లేకపోవడం అని కొందరంటారు. తలుపులు, కిటికీలు, నిష్పత్తులు ఉండాల్సిన తీరులో లేకపోవడం అని ఇంకొందరు. చిన్నప్పుడు చూసిన చోట్లు గుర్తుకు రావడం అనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకది భయం కాదు, బెంగ.

2019లో మోజు మొదలుపెట్టిన ఆ ఫోటో ఎక్కడిదో 2024లో తేలింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఓష్‌కోష్ పట్టణం. ఒక పాత ఫర్నిచర్ షాపును బొమ్మలు, హాబీ సామాన్ల దుకాణంగా మారుస్తున్నప్పుడు, 2002లో, పనులు ఎంతవరకు వచ్చాయో చూపించడానికి తీసినది. పాత దుకాణం పోయింది, కొత్తది ఇంకా రాలేదు, పనివాళ్లున్నారు, పూర్తికావలసిన తేదీ ఉంది. వాన్ జెనెప్ చెప్పిన మధ్య దశకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఫోటోలో ఆ తేదీ లేదు, పనివాళ్లు లేరు, అంతే. మిగతా పనులు పూర్తయ్యాక అక్కడ రిమోట్ కార్ల పందేలు నడిచాయి.